పెద్దబ్బాయి కొనమంటాడు, చిన్నబ్బాయి అమ్మమంటాడు

ప్రశ్న: మాది తిరుపతి. మావారు ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేసి ఈమధ్యే 61వ ఏట రిటైరయ్యారు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 38 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. పెద్దబ్బాయి డల్లాస్‌లో హెచ్‌1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాడు. ట్రంప్ మళ్ళీ వచ్చాక అక్కడి మార్కెట్ దూసుకుపోతోందని, 20 లక్షలు అమెరికా ఫండులో పెట్టమని అంటాడు. చిన్నబ్బాయి పనిచేసేది శ్రీసిటీలో. వాళ్ల కంపెనీ సరుకు అమెరికాకు పోతుంది. ట్రంప్ అన్నీ ముంచేస్తాడని, ఉన్న 6 లక్షల మ్యూచువల్ ఫండ్లు కూడా అమ్మేసి బంగారం కొనమని వాడి మాట. ఫోన్లో రోజూ ఇదే గొడవ. పెద్దోడి చదువుకు చేసిన అప్పు ఇంకా 22 లక్షలుంది, ఇల్లు తాకట్టులో ఉంది. నెలకు 34 వేల కిస్తీ వాడే కడుతున్నాడు. మా ఇంటి ఖర్చు నెలకు 32 వేలు. పై పోర్షన్ అద్దె 9 వేలు, పీఎఫ్ పింఛను 3 వేలు వస్తాయి. బంగారుపాళ్యం దగ్గర కొంచెం మామిడి తోట ఉంది. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, మీ అబ్బాయిలిద్దరూ చెప్పేవి నిజాలే. ఈ జవాబు రాస్తున్న 2025 అక్టోబరు చివర్లో అమెరికా షేర్ల సూచీలు రికార్డు ఎత్తులో ఉన్నాయి. ఆగస్టు 27న అమెరికాకు పోయే మన సరుకులో చాలావాటి మీద 50 శాతం సుంకం పడిందన్నదీ నిజమే. ఒకరు షేర్ల ధరలు చూసి మాట్లాడుతున్నారు, ఇంకొకరు తన ఫ్యాక్టరీకి వచ్చే ఆర్డర్లు చూసి మాట్లాడుతున్నారు. నా మట్టుకు నాకు చిన్నబ్బాయి బాధే ఎక్కువ అర్థమవుతుంది. రాత్రికి రాత్రి సుంకాలు మారితే సరుకు తయారుచేసేవాళ్లు తట్టుకోలేరు. అయితే ఆ అభిప్రాయంతో మీవారి పీఎఫ్ డబ్బును అటూ ఇటూ తిప్పమని మాత్రం చెప్పను.

మీ అబ్బాయిలిద్దరూ ట్రంప్‌కు మార్కులేసి డబ్బు కదపమంటున్నారు. కొత్త అమెరికా అధ్యక్షుడికి మొదటి 100 రోజుల్లో మార్కులేయడం 1933లో రూజ్‌వెల్ట్ కాలం నుంచీ ఉన్న అలవాటు. కానీ ఆ మార్కులు చూసి మదుపు చేస్తే దెబ్బ తినొచ్చు. ఒబామా 2009 జనవరి 20న ప్రమాణం చేసిన రోజు అక్కడి షేర్ల సూచీ డౌజోన్స్ దాదాపు 7,950 దగ్గర ఉంది. మార్చి 9 నాటికి 6,547కి పడిపోయింది. ఏడు వారాల్లోనే ఆయన పని అయిపోయిందన్నవాళ్లున్నారు. నిజానికి అది 2008 బ్యాంకుల సంక్షోభం తాలూకు దెబ్బ. ఆయన దిగిపోయేనాటికి అదే సూచీ 19,800 దాటింది. ఈసారీ అంతే. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ సుంకాలు ప్రకటించారు, 7న మన సెన్సెక్స్ ఒక్కరోజే 2,226 పాయింట్లు పడింది. 9న చాలా సుంకాలను 90 రోజులు వాయిదా వేయగానే అమెరికాలో ఎస్‌అండ్‌పీ 500 సూచీ ఒక్కరోజులో తొమ్మిదిన్నర శాతం లేచింది. 7న భయపడి అమ్ముకున్నవాళ్లకు ఆ 9వ తేదీ దక్కలేదు. ట్రంప్ మీద వాళ్ల అంచనా తప్పో ఒప్పో, నష్టం మాత్రం మిగిలింది.

అందుకే ఉన్న 6 లక్షల ఫండ్లను కదిలించొద్దు. అమెరికా ఫండులో 20 లక్షలు కూడా వద్దు. మీవారికి ఇక జీతం రాదు. మార్కెట్ మూడేళ్లు పడి ఉంటే తట్టుకునే వయసు పెద్దబ్బాయికి ఉంది, మీకు లేదు. పైగా విదేశాల్లో పెట్టే మన ఫండ్లకు మొత్తం పరిశ్రమ మీద 700 కోట్ల డాలర్ల పరిమితి ఉంది. దానివల్ల చాలా స్కీములు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం లేదు. ఆ దారి మూసి ఉందని కొందరు ఎక్స్ఛేంజీలో ఈటీఎఫ్‌లను (షేర్లలా కొని అమ్మే ఫండ్లను) అసలు విలువకన్నా ఎక్కువ పోసి కొంటున్నారు. అది ఇంకా పొరపాటు.

బంగారం విషయంలో చిన్నబ్బాయి ఊహ ఫలించింది, ఒప్పుకోవాలి. ఏప్రిల్‌లో 10 గ్రాములు లక్ష దాటింది, ఈ నెలలో లక్షా 30 వేలు కూడా దాటింది. కానీ ఇంత పెరిగాక కొనమంటున్నాడు. బంగారం నెలనెలా వడ్డీ ఇవ్వదు. నగలైతే తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ ముందే పోతాయి.

38 లక్షల్లో 30 లక్షలు మీవారి పేరున సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి. పోస్టాఫీసులోనూ బ్యాంకులోనూ తీసుకుంటారు. ఇప్పుడు 8.2 శాతం వడ్డీ, చేరిన రోజు ఉన్న రేటే ఐదేళ్లూ ఉంటుంది. మూడు నెలలకోసారి 61,500, అంటే నెలకు 20,500. అద్దె, పింఛను కలిపితే 32,500 అవుతుంది, మీ ఇల్లు గడిచిపోతుంది. మీకు పన్ను పడదని ఏటా ఫారం (2025లో ఇది 15హెచ్) ఇవ్వండి, లేకపోతే వడ్డీ లక్ష దాటినందుకు టీడీఎస్, అంటే పన్ను ముందే కోస్తారు. తోట ఆదాయాన్ని ఈ లెక్కలో చేర్చలేదు. మొన్న వేసవిలో తోతాపురి మామిడి గతి మీరు చూశారు. ఫ్యాక్టరీల్లో నిరుటి గుజ్జు అమ్ముడుపోక కిలోకు 8 రూపాయలిమ్మని, పైన 4 తానిస్తానని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. తోట డబ్బు వచ్చిన ఏడు మందులకో యాత్రలకో వాడుకోండి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ గుబులు పుట్టించింది మీరు మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పిన ఆ 22 లక్షల అప్పు. వాషింగ్టన్ నిర్ణయం మీ గడపలోకి రాగలిగిన దారి అదొక్కటే. హెచ్‌1బీకి లక్ష డాలర్ల రుసుమని సెప్టెంబరులో వచ్చిన ఉత్తర్వు కొత్త దరఖాస్తులకే, ఉన్న వీసా పొడిగింపుకు కాదు. కాబట్టి దాని గురించి నిద్ర మానుకోవద్దు. కానీ ఉద్యోగం పోతే హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు దొరికే గడువు 60 రోజులే. ఆలోపు ఇంకో కంపెనీ దొరక్కపోతే తిరిగి రావాలి. ఇక్కడి జీతంతో 34 వేల కిస్తీ మొదట్లో కష్టం, తాకట్టులో ఉన్నది మీ ఇల్లు.

అందుకే దాదాపు ఏడాది కిస్తీలకు సరిపడా 4 లక్షలు విడిగా ఎఫ్‌డీ చేయండి. అప్పిచ్చిన బ్యాంకులో మాత్రం వద్దు. కిస్తీ ఆగితే ఆ డిపాజిట్‌ను బాకీ కింద జమ చేసుకునే హక్కు వాళ్లకుంటుంది. మిగిలిన 4 లక్షలు ఆసుపత్రి లాంటి అవసరాలకు మీ ఇద్దరి పేర్లతో మరో ఎఫ్‌డీగా ఉండనివ్వండి.

పెద్దబ్బాయికి అమెరికా మీద అంత నమ్మకముంటే తన జీతంలోంచి అక్కడే మదుపు చేసుకోమనండి. దానికన్నా ముందు నెలకు ఇంకో 10 వేలు అప్పు అసలుకు కట్టగలడేమో అడగండి. 2026 జనవరి 1 నుంచి అక్కడినుంచి డబ్బు పంపితే ఒక శాతం పన్ను అంటున్నారు కదా, అది నగదు, మనీ ఆర్డరు లాంటివాటితో పంపినప్పుడే. బ్యాంకు ఖాతా నుంచి పంపితే పడదు.

ఇంకొకటి, అప్పుకు సరిపడా టర్మ్ పాలసీ (జీవిత బీమా) పెద్దబ్బాయి పేరున ఉందా? ఇది అడగడానికి తల్లికి నోరు రాదు, మీవారిచేత అడిగించండి. లేకపోతే ఈ నెలలోనే తీసుకోమనండి.