స్నానం అంటేనే బెదిరిపోతున్నారు

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలోనే నర్సింగ్ చేసి, ఇప్పుడు కెనడాలోని సస్కచ్వాన్‌లో వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది. అక్కడ క్రీ అనే ఆదివాసీ తెగ పెద్దావిడొకరు స్నానం అనగానే కేకలేస్తారట. చిన్నప్పుడు రెసిడెన్షియల్ స్కూల్లో ఉన్నారట. మన గురుకులాల్లాంటివేనా అవి? అమ్మాయికి ఏం చెప్పమంటారు?
– ఓ తల్లి, గాజువాక

జవాబు: పేరు చూసి గురుకులాలనుకోకండి. కెనడా ప్రభుత్వం సొమ్మిస్తే ఎక్కువగా చర్చిలు నడిపిన బళ్లవి. దాదాపు లక్షన్నర మంది ఆదివాసీ పిల్లల్ని అమ్మానాన్నల దగ్గర్నుంచి తీసుకెళ్లి వాటిలో పెట్టారు. చివరివి మూతపడింది 1990ల్లోనే. రాగానే జుట్టు కత్తిరించేవారు, చాలాచోట్ల పేరు తీసేసి నంబరిచ్చేవారు, సొంత భాష మాట్లాడితే కొట్టేవారు. లైంగిక వేధింపులూ జరిగాయి. అలాంటి చోట పెరిగినవాళ్లకి, బట్టలు విప్పమనే గొంతు ఎవరిదైనా ఒకటే.

కాబట్టి ముందు మాట, తర్వాతే చెయ్యి. వెనక నుంచి వెళ్లకుండా, ఎదురుగా కూర్చుని తన పేరు చెప్పాలి. "ఇప్పుడా, టిఫిన్ అయ్యాకా?" అని ఆవిడనే అడగాలి. గది ముందే వెచ్చబరచాలి. భుజాల మీద ఒకటి, ఒళ్లో ఒకటి తువ్వాళ్లు కప్పి, కడిగే చోటు మాత్రమే తీయాలి. హ్యాండ్ షవర్ ఆవిడ చేతికే ఇచ్చి, నీళ్ల వేడి ఆవిడనే చూసుకోమనాలి. వద్దంటే అక్కడితో ఆపి, ఆ పూటకి తడిగుడ్డతో మొహం, చేతులు తుడిస్తే చాలు. టైమైపోతోందని ఇద్దరు కలిసి పట్టుకుని కానిచ్చేస్తే మర్నాడు భయం రెట్టింపవుతుంది. సబ్బు వాసనా, తలుపు చప్పుడా, దేనికి ఉలిక్కిపడుతున్నారో కేర్ ప్లాన్‌లో రాస్తే రాత్రి డ్యూటీవాళ్లకీ తెలుస్తుంది.

మన అలవాట్లతోనూ కాస్త జాగ్రత్త. "ఇంకొక్క ముద్ద" అని బతిమాలడం మనకి ప్రేమే. బలవంతంగా మింగించిన బళ్లు చూసినవాళ్లకి కాదు. అడగకుండా జడ వేయబోవద్దు. ఆ బడి రోజుల కథ చెప్పమని అడగొద్దు, "అయిందేదో అయిపోయింది" అసలే అనొద్దు.

ఆవిడ సేజ్, స్వీట్‌గ్రాస్ అనే మూలికల పొగ వేసుకోవాలంటే (మన సాంబ్రాణి లాంటిదే) స్మోక్ అలారం సంగతి ముందే మెయింటెనెన్స్‌వాళ్లతో మాట్లాడాలి; ఆక్సిజన్ ఉన్న గదిలో కుదరదు. ఆవిడ ఆ మూలికలు దాచుకునే మూటని అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. బాధితులకీ కుటుంబాలకీ ఉచితంగా కౌన్సెలింగ్, తెగ పెద్దల తోడు ఇప్పించే కెనడా కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. ఆశ్రమం సోషల్ వర్కర్‌ని అడగమనండి. సెప్టెంబర్ 30 ఈ బళ్ల స్మారక దినం. ఆ వారం హాల్లో టీవీ వార్తలు పెట్టేముందు ఆవిడని ఒకమాట అడిగితే మంచిది.