శిథిలాలూ సముద్రమూ ఒకే ట్రిప్‌లో కావాలంటే టర్కీ పడమటి తీరం

అమ్మానాన్నలు, పిల్లలతో కారులో తిరిగేలా, పాత కట్టడాలూ బీచ్‌లూ రెండూ ఉండే విదేశీ ట్రిప్ చెప్పమన్నారు. మేం ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చాం కాబట్టి ధైర్యంగా చెబుతున్నా: టర్కీ. ఇజ్మీర్ ఎయిర్‌పోర్టులో కారు తీసుకుని, తీరం వెంబడి దక్షిణంగా దిగి, అంటాల్యాలో అప్పగించేయండి. వేరే ఊళ్లో అప్పగిస్తే అదనంగా తీసుకుంటారు. అయినా అదే మేలు, వెనక్కి రావడానికి ఒక రోజు వృథా కాదు.

అక్కడ శిథిలాలకో రోజు, బీచ్‌కో రోజు అని పంచుకోనక్కర్లేదు. చూడబోయే ఊళ్లలో చాలావరకు ఒకప్పటి రేవులే. పొద్దున రాళ్లు, మధ్యాహ్నం నుంచి నీళ్లు. ఎండకూ ఇదే నయం.

మొదట ఎఫెసస్, గ్రీకు రోమన్ కాలపు పెద్ద నగరం శిథిలాలు. పక్కనే ఉన్న సెల్చుక్ ఊళ్లో బస చేసి, గేటు తెరిచే వేళకే వెళ్లిపోండి. పెద్దవాళ్లుంటే పై గేటు నుంచి లోపలికెళ్లండి, అక్కణ్నుంచి చాలావరకు వాలే. కారు పైనే ఉండిపోతుంది కాబట్టి తర్వాత ఒకరు టాక్సీలో వెళ్లి తెచ్చుకోవాలి. పాలరాతి బాట అరిగి నున్నగా ఉంటుంది, అందరికీ పట్టున్న బూట్లు వేయించండి. సెల్సస్ లైబ్రరీ ముందు ఫొటోల రద్దీ ఎలాగూ తప్పదు. నాకు మాత్రం, దాదాపు 25 వేల మంది పట్టే థియేటర్ ముందు మొదలయ్యే రేవు వీధే ఎక్కువ నచ్చింది. తిన్నగా వెళ్లి గడ్డిలో కలిసిపోతుంది. నది తెచ్చిన ఒండ్రుకు రేవు పూడిపోయింది, సముద్రం కిలోమీటర్ల అవతలికి జరిగింది.

మర్నాడు ప్రియెనె, మిలేటస్, డిడిమా శిథిలాలు, మూడూ ఒకే దారిలో. టూర్ బస్సులవాళ్లు తరచూ వదిలేసేవి ఇవే, కారు ఉన్నందుకు అసలు లాభమూ ఇక్కడే. ప్రియెనె కొండవాలు మీద, చెట్ల మధ్య ఉంటుంది. థియేటర్లో ముందు వరసలో ఊరి పెద్దల కోసం చెక్కిన రాతి కుర్చీలున్నాయి, వాటి కాళ్లు సింహం పంజాల్లా ఉంటాయి. మా పిల్లలు వాటిమీంచి లేవమన్నా లేవలేదు. మిలేటస్ థియేటర్ పైమెట్టు ఎక్కితే చుట్టూ చదునైన నేల, మన పల్నాడులోలాగే పత్తి చేలు. దూరంగా ఒక చిన్న గుట్ట కనిపిస్తుంది. క్రీ.పూ. 494లో పర్షియన్లకూ గ్రీకు నగరాలకూ ఓడల యుద్ధం జరిగిన లాడె దీవి అదే! చుట్టూ నీళ్లు లేవు, మెండెరెస్ నది మొత్తం పూడ్చేసింది. డిడిమాలో అపోలో ఆలయం చూశాక దగ్గర్లోని ఆల్టిన్‌కుమ్ బీచ్‌కి వెళ్లిపోవచ్చు. నీళ్లు లోతు తక్కువ, పిల్లలకు బాగుంటుంది.

ఇంకా దక్షిణంగా వెళ్తే వచ్చే ఒలుడెనిజ్ బీచ్ అందమైనదే, జనం మాత్రం మరీ ఎక్కువ. ఒక పూట చాలు.

తర్వాత వచ్చే పాత రేవు పట్టణం పటారాకి మాత్రం తీరిగ్గా వెళ్లండి. టికెట్ తీసుకుని శిథిలాల మధ్య నుంచి కారు పోనిస్తే రోడ్డు నేరుగా బీచ్‌కి చేరుతుంది. ఈ ప్రాంతపు ప్రాచీన నగరాల కూటమి అయిన లైసియా సమాఖ్యలో 23 ఊళ్లుండేవి, పెద్ద ఊళ్లకు తలా 3 ఓట్లు. వాళ్ల సభా మందిరాన్ని ఇక్కడ మళ్లీ నిలబెట్టారు, మెట్ల మీద కూర్చుని చూడొచ్చు. ఎఫెసస్‌ని ఒండ్రు కప్పితే దీన్ని ఇసుక కప్పింది. బీచ్‌లో తాబేళ్లు గుడ్లు పెడతాయి కాబట్టి ఆ సీజన్లో రాత్రి ఉండనివ్వరు, సాయంత్రానికే బయటికి రావాలి.

అక్కణ్నుంచి కాష్ మీదుగా అంటాల్యా దారి మహా అందం, మహా మలుపులు. పిల్లలకు వాంతి మాత్రలు ముందే వేయండి. వారం రోజులే ఉంటే, తెల్లటి సున్నపురాతి మెట్లకు పేరున్న పముక్కలే వైపు వెళ్లకండి, అది తీరానికి దూరం, ఆ సమయం పటారాకి ఇవ్వడం మేలని నా అభిప్రాయం.

బండి కుడివైపు నడపాలి. మొదటి రోజు రౌండబౌట్ల దగ్గర టెన్షన్ ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. అక్కడ గేర్ల బళ్లే ఎక్కువ కాబట్టి ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేసుకోండి. ఇక్కడి ఆర్‌టీఓలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకెళ్లండి. జూలై, ఆగస్టు వద్దు, రాళ్ల మధ్య ఎండ భరించలేరు. మే నెల గానీ, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకా గానీ మంచిది. అక్టోబరులోనూ నీళ్లు వెచ్చగానే ఉంటాయి.

అమ్మానాన్నలు శాకాహారులైతే భయం లేదు. మసూర్ పప్పు సూప్ దాదాపు ప్రతి హోటల్లో దొరుకుతుంది. రోడ్డు పక్కన పాలకూర, చీజ్ పెట్టి కాల్చే గోజ్‌లెమె రొట్టె, ఆయ్‌రాన్ అనే ఉప్పు మజ్జిగ ఉంటే మధ్యాహ్నం గడిచిపోతుంది. సూప్‌లో మాంసం రసం పోశారేమో మాత్రం అడిగి తీసుకోండి, కొన్నిచోట్ల పోస్తారు.