పక్కకు ఒత్తిగిల్లితే ఇల్లు తిరుగుతోందా?

ప్రశ్న: నా వయసు 52. తెల్లారగట్ల కుడి పక్కకు ఒత్తిగిల్లగానే పైకప్పు గిర్రున తిరుగుతది. అర నిమిషంల తగ్గుతది. సజ్జ మీది డబ్బా కోసం తల ఎత్తినా అంతే. బీపీ, షుగర్ మంచిగనే ఉన్నయి. మెడ ఎముక అరిగిందన్నరు. రెండు నెలల సంది గోలీలు మింగుతున్న, తగ్గుతలేదు. – ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: మీరు చెప్పిన తీరు చూస్తే మెడ కంటే ముందు చెవిని అనుమానించాలి. లోపలి చెవిలో యుట్రికిల్ అనే చిన్న సంచి ఉంటుంది. అందులో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు అతుక్కుని ఉంటాయి. అవి ఊడి పక్కనున్న అర్ధవృత్తాకార నాళాల్లోకి, ఎక్కువగా వెనుక నాళంలోకి జారితే, తల కదిలినప్పుడల్లా అక్కడి ద్రవాన్ని కదిలిస్తాయి. తల ఆగినా ఇంకా తిరుగుతోందని మెదడుకు కబురు పోతుంది. స్ఫటికాలు అడుగుకు చేరగానే తిరుగుడు ఆగుతుంది. అందుకే మామూలుగా నిమిషం దాటదు. దీన్నే బీపీపీవీ అంటారు. దారి తప్పిన స్ఫటికాన్ని ఏ గోలీ వెనక్కి తేలేదు.

ముందు ఏ చెవో తేలాలి. డిక్స్-హాల్‌పైక్ పరీక్షలో మిమ్మల్ని కూర్చోబెట్టి, తల 45 డిగ్రీలు పక్కకు తిప్పి, గబుక్కున వెల్లకిలా పడుకోబెట్టి కళ్లు చూస్తారు. ఏ చెవి కిందికి ఉన్నప్పుడు కనుగుడ్లు కొట్టుకుంటాయో సమస్య ఆ చెవిలోనే. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో అయినా, ప్రైవేటులో అయినా ఈఎన్‌టీ డాక్టర్ మంచం మీదే నిమిషాల్లో చేసే పరీక్ష ఇది. చాలామందికి స్కానింగ్ అక్కర్లేదు.

కుడి చెవి అని తేలితే, స్ఫటికాన్ని దాని చోటికి పంపే ఎప్లీ పద్ధతి ఇట్లా చేస్తారు. మంచం మీద కాళ్లు చాపి కూర్చుని తల కుడికి 45 డిగ్రీలు తిప్పాలి. అట్లే వెనక్కి వాలాలి. తిరుగుడు ఆగేదాకా, కనీసం 30 సెకన్లు కదలొద్దు. తల ఎత్తకుండానే ఎడమకు 90 డిగ్రీలు తిప్పి మరో 30 సెకన్లు ఆగాలి. తర్వాత ఒళ్లంతా ఎడమ పక్కకు తిప్పుతూ, ముఖం నేలను చూసేలా తలను ఇంకో 90 డిగ్రీలు తిప్పి మళ్లీ 30 సెకన్లు. గడ్డం కొంచెం దించి, ఎడమ పక్క నుంచే మెల్లగా లేచి కూర్చోవాలి.

ఎక్కువగా తప్పేది దిండు దగ్గరే. దిండు భుజాల కింద ఉండి తల దాని అంచు దాటి కొంచెం కిందికి వాలాలి. తల కిందే దిండు పెట్టుకుంటే స్ఫటికం కదలదు. మధ్యలో తిరుగుడు వచ్చిందని భయపడి లేచి కూర్చుంటే చేసిందంతా వృథా. మొదటిసారి డాక్టర్ చేతనే చేయించుకోండి. మెడ డిస్కు సమస్య గానీ, కంటి రెటీనా సమస్య గానీ ఉంటే ముందే చెప్పండి. తర్వాత ఒకటి రెండు రోజులు తేలిపోతున్నట్టుంటే కంగారు వద్దు. కొందరికి ఇది మళ్లీ వస్తుంది, మళ్లీ ఇదే పద్ధతి పనిచేస్తుంది.

ప్రశ్న: ఎడమ చెవి దిబ్బడేసి హోరుమంటది, వినికిడి తగ్గుతది. తర్వాత రెండు మూడు గంటలు తిరుగుడు, వాంతులు. మెనియర్స్ అన్నరు. ఉప్పు పూర్తిగ మానాలా? – ఒక ఉపాధ్యాయుడు, జమ్మికుంట

జవాబు: పూర్తిగా మానక్కర్లేదు. మెనియర్స్ అంటే లోపలి చెవిలో ద్రవం ఎక్కువయ్యే జబ్బు, అందుకే ఉప్పు తగ్గించమంటారు. రోజుకు సోడియం 2 గ్రాములు మించకుండా చూసుకోమంటారు. అంటే ఉప్పు 5 గ్రాములు, రోజంతటికీ సుమారు ఒక టీస్పూను. కూరలో తగ్గించి పక్కన ఆవకాయ, అప్పడం, చల్ల మిరపకాయలు పెట్టుకుంటే లెక్క తప్పినట్టే. ఒక రోజు చప్పిడి తిని మరునాడు దావత్‌లో కక్కుర్తి పడటమూ మంచిది కాదు. ఉప్పు తగ్గిస్తే అందరికీ ఒకే తీరుగా గుణం కనబడదు. రెండు మూడు నెలలు చూసి డాక్టర్‌తో మాట్లాడండి. వినికిడి పరీక్ష మాత్రం మళ్లీ మళ్లీ చేయించండి, జబ్బు ఎటు పోతోందో అదే చెబుతుంది. చెవి హోరు పెరిగిన రోజు బండి తీయొద్దు, నిచ్చెన ఎక్కొద్దు.

ప్రశ్న: మా బాపుకు 68. మూడు నెలల కింద తిరుగుడుతో రెండు రోజులు మంచం పట్టిండు, చెవి నరం వాచిందన్నరు. ఇప్పుడు తిరుగుడు లేదు గని చీకట్ల, పొలం గట్ల మీద తూలుతుండు. గోలీలు ఇంకా ఏస్తున్నం. – ములుగు నుంచి

జవాబు: మనిషి నిలదొక్కుకునేది కళ్లు, అరికాళ్లు, లోపలి చెవి మూడింటితో. చెవి దెబ్బతిన్నప్పుడు చీకటి కళ్ల ఆసరా తీస్తుంది, మెత్తటి గట్టు అరికాళ్ల ఆసరా తీస్తుంది. అందుకే అక్కడే తూలుతున్నారు. ఆ లోటును మెదడు నేర్చుకుని పూడ్చుకోవాలి. అందుకు కదలిక కావాలి. తిరుగుడు ఆపే గోలీలు మొదటి రెండు మూడు రోజులకే పనికొస్తాయి, నెలలకొద్దీ వాడితే ఆ నేర్చుకోవడమే మందగిస్తుంది. వాటిలో ప్రొక్లోర్‌పెరజిన్ అనే మందు అయితే పెద్ద వయసులో చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం కూడా రావచ్చు. ఎట్లా మాన్పించాలో డాక్టర్‌ను అడగండి.

గోడ మీద కంటి ఎత్తున పెద్ద అక్షరం రాసి అతికించండి. రెండు అడుగుల దూరంలో కూర్చుని, చూపు దాని మీదే నిలిపి తలను కుడి ఎడమలకు కొద్దికొద్దిగా ఊపాలి. అక్షరం మసకబారితే వేగం తగ్గించాలి. ఒక్కో విడతకు ఒక నిమిషం, రోజుకు మూడు సార్లు. వారం తర్వాత గది మూలకు వీపు పెట్టి, ముందు కుర్చీ ఉంచుకుని, నిలబడి చేయించండి. చేస్తున్నప్పుడు కొద్దిగా తిరిగినట్టుంటే మానొద్దు. పొలానికి చేతికర్ర, టార్చి ఉండాలి. తల మీద మూటతో గట్టు ఎక్కనీయకండి, బావి ఒడ్డుకు ఒంటరిగా పోనీయకండి. ఇంట్లో బాత్రూం దారిలో రాత్రంతా బల్బు వెలగాలి.

ఉన్నట్టుండి మాట ముద్దగా వచ్చినా, రెండుగా కనబడినా, ఒక పక్క చెయ్యి కాలు పడిపోయినా, అసలు నిలబడలేకపోయినా అది చెవి సంగతి కాకపోవచ్చు, పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.