ఆ గిన్నె ఎవరి కోసం నిండుతోంది?

ప్రశ్న: మా అత్తగారిల్లు విజయవాడ పటమట. నా ఉద్యోగం గుంటూరులో, బ్యాంకులో. పురిటికి బ్రాడీపేటలోని పుట్టింటికి వచ్చాను. సెలవు అయిపోయి ఉద్యోగంలో చేరాక పాపను అమ్మే చూసుకుంటోంది కాబట్టి ఇక్కడే ఉండిపోయాను. మావారు శని, ఆదివారాల్లో వస్తారు. పాపకు ఇప్పుడు ఎనిమిది నెలలు. ఏడో నెలలో అన్నప్రాసన చేశాం. ఆ రోజు నాలుకకు తగిలించిన పరమాన్నం తప్ప ఇంతవరకు ఇష్టంగా ఒక్క ముద్ద తినలేదు. గిన్నె కనబడితే చాలు, మొహం తిప్పేస్తుంది. అమ్మ ఒళ్లో పడుకోబెట్టుకుని, చేతులు పట్టుకుని, ఉగ్గుగిన్నెతో నోట్లో పోస్తుంది. సగం ఉమ్మేస్తుంది, ఒక్కోసారి మొత్తం కక్కేస్తుంది. నేను తీసిపెట్టి వెళ్లిన పాలు పగలు కొద్దిగా తాగుతుంది. నేను ఇంటికి వచ్చిన దగ్గర నుంచి తెల్లవారేదాకా మాత్రం రొమ్ము వదలదు. పుట్టినప్పుడు 2.8 కిలోలు, ఇప్పుడు 7.2 కిలోలు. మా అత్తగారు రోజూ వీడియో కాల్‌లో పాప ఎంత తిందని అడుగుతారు. “గిన్నెడు తిందండీ వదినగారూ” అంటుంది అమ్మ. పక్కనే ఉన్నా నాకు నోరు రాదు. నా పాల వల్లే పాప అన్నం ముట్టడం లేదని, వేపాకు నూరి రాసుకుని పాలు మాన్పించమని అమ్మ రోజూ పోరుతోంది. మాన్పిస్తే తింటుందా?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: మాన్పించకండి. ఆరు నెలలు నిండాక పైఆహారం మొదలుపెట్టి, తల్లిపాలు రెండేళ్లు, ఆ పైన కూడా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎనిమిది నెలల పాపకు పాలే ఇంకా ప్రధానమైన తిండి. రొమ్ముకు చేదు రాస్తే ఉన్న ఆ ఒక్క తిండీ పోతుంది, పగలంతా మీ కోసం ఎదురుచూసిన పిల్లకు సాయంత్రం మీరు కూడా చేదవుతారు. వేపాకు మాట ఇంతటితో వదిలేయండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట వేరే ఉంది. “గిన్నెడు తిందండీ వదినగారూ.”

మీ అమ్మగారు అబద్ధాలాడే మనిషని నేను అనుకోవడం లేదు. కూతురి బిడ్డ నెలల తరబడి తన ఇంట్లో పెరుగుతోంది. పిల్ల కాస్త చిక్కినట్టు కనబడితే మాట ఎవరి మీదకు వస్తుందో ఆవిడకు తెలుసు, మీకూ తెలుసు. అందుకే రోజూ సాయంత్రం వియ్యపురాలికి ఒక గిన్నె అప్పజెబుతున్నారు. ఇవాళ గిన్నెడు తిందని చెప్పాక రేపు నిజంగానే గిన్నె ఖాళీ చేయించాలి కదా! ఆ భయంతోనే పాప చేతులు పట్టుకుంటున్నారు. పాప ఆకలికి, ఆ గిన్నెకు సంబంధం తెగిపోయింది.

ఇక మీరు. బ్యాంకులో కౌంటర్ ముందు నిలబడిన ప్రతి మనిషికీ జవాబు చెప్పగల మీకు ఇంట్లో నోరు రాకపోవడానికి కారణం నేను ఊహించగలను. అమ్మ లేకపోతే ఉద్యోగం లేదు. వండిపెట్టి, బిడ్డను చూసి, రాత్రి మీ కాళ్ల నొప్పులకు నూనె రాసే మనిషిని ఎదిరించడం కృతఘ్నత అనిపిస్తుంది. ఋణం ఉంది, కాదనను. ఆ ఋణాన్ని పాప నోటితో తీర్చకూడదు. పుట్టింటి గడప తొక్కగానే మీరు మళ్లీ ఆ ఇంటి చిన్నపిల్ల అయిపోయారు. అక్కడ పాపకు తల్లి స్థానం ఖాళీగా ఉంది. కన్నతల్లి దగ్గర అణకువ మంచిదే కానీ, బిడ్డ చేతులు పట్టుకుని నోట్లో పోస్తుంటే చూస్తూ నిలబడడం అణకువ కిందకు రాదని నా గట్టి నమ్మకం.

కాబట్టి ముందు మీ అత్తగారికి ఫోను మీరే చేయండి, మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకునే. “అత్తయ్యగారూ, పాప ఇంకా ఒకటి రెండు చెంచాలకు మించి తినడం లేదు. డాక్టరుకు చూపిస్తున్నాం. అమ్మ చేయగలిగినదంతా చేస్తోంది” అని చెప్పండి. ఆవిడ ఏదో అంటారు, అననివ్వండి. ఆ మాట మీరు పడితే మీ అమ్మగారి గుండెల మీద బరువు దిగుతుంది. రోజూ లెక్క అడగవద్దని ఆవిడకు నచ్చజెప్పడం మీవారి పని. తన తల్లితో ఆ మాత్రం మాట్లాడడానికి వారాంతం దాకా ఆగనక్కరలేదు.

పాప బరువు గురించి మీ ఇంట్లో ఇంత భయం అవసరం లేదు. ఎనిమిది నెలల ఆడపిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో మధ్యస్థ బరువు 7.9 కిలోలు. 6.3 కంటే తగ్గితే తక్కువ బరువు అంటారు. మీ పాప 7.2 దగ్గర ఉంది. నెలనెలా తూచి కార్డులో గీత పైకి వెళుతోందో లేదో చూడండి. ఎదురింటి పిల్లతో పోల్చి చూసుకునే అలవాటు ఉంటే మానుకోండి.

ఇప్పుడు తిండి. ఉగ్గుగిన్నె కడిగి అటక మీద పెట్టండి. పడుకున్న బిడ్డ ఏడుస్తున్నప్పుడు నోట్లో పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఈ ఒక్క విషయంలో రాజీ వద్దు. పాపను నిటారుగా కూర్చోబెట్టండి, మీరు భోంచేసేటప్పుడే, మీ కంచం పక్కనే. కొన్నాళ్లు తినిపించే ప్రయత్నమే చేయకండి. ఉడికిన చిలగడదుంప వేలంత ముక్క, మెత్తటి అరటిపండు ముక్క ముందు పెట్టండి. పిసుకుతుంది, మొహానికి పూసుకుంటుంది, నేలకేసి కొడుతుంది. ఊడ్చుకోవచ్చు. కొత్త రుచికి అలవాటుపడడానికి కొందరు పిల్లలకు పది, పదిహేను సార్లు చూపించాల్సి వస్తుంది. రెండోసారికే ఇష్టం లేదని తీర్మానించకండి. నోరు తెరిస్తే పెట్టండి, తల తిప్పితే ఆపండి. ఫోనులో బొమ్మలు చూపించి ఏమరుపాటున కుక్కడం కూడా చేతులు పట్టుకోవడం లాంటిదే.

వేళ కూడా చూసుకోండి. కడుపు నిండా పాలు తాగిన వెంటనే పిల్ల తినదు. ఆకలితో గుక్కపెట్టి ఏడుస్తున్నప్పుడూ తినదు. పాలు తాగి గంట, గంటన్నర అయ్యాక హుషారుగా ఆడుకుంటున్నప్పుడు కూర్చోబెట్టండి. రాత్రంతా తాగుతోందంటే పగలు మీరు లేని లోటు అప్పుడు తీర్చుకుంటోందన్నమాట. ఉద్యోగాలకు వెళ్లే తల్లుల పిల్లల్లో ఇది మామూలే. పొద్దున మీరు బయలుదేరే ముందు ఒక పూట, సాయంత్రం వచ్చి పాలిచ్చి కాసేపయ్యాక ఒక పూట, ఆ రెండూ మీ చేతి మీదే జరగాలి. మధ్యాహ్నం పూట మీ అమ్మగారిది. తిన్నంత పెట్టి, తినకపోతే గిన్నె తీసేసే స్వేచ్ఛ ఆవిడకు మీరు ఇవ్వాలి, నోటితో చెప్పి మరీ ఇవ్వాలి.

గిన్నెలో ఏముందో మీరు రాయలేదు. చాలా ఇళ్లలోలాగా పల్చటి జావ అయితే పాప ఉమ్మేయడంలో తప్పేమీ లేదు. నీళ్లతో పొట్ట నిండుతుందే తప్ప బలం రాదు. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. మెత్తగా ఉడికిన అన్నంలో పప్పు సుద్ద, నెయ్యి కలిపి మెదపండి. మీరు గుడ్డు తినేవాళ్లయితే బాగా ఉడికించిన గుడ్డు ఇప్పుడే పెట్టవచ్చు. పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార వద్దు. తేనె అసలు నాకించకండి, అది పసిపిల్లలకు ప్రాణాంతకమైన జబ్బు తేగలదు. వేరుశనగ గింజలు, పచ్చి క్యారెట్ ముక్కలు, గుండ్రటి ద్రాక్షపళ్లు గొంతుకు అడ్డంపడతాయి, దగ్గరకు రానివ్వకండి.

నాకు నిజంగా బెంగగా ఉన్నది ఇనుము విషయంలోనే. కడుపులో ఉండగా బిడ్డ కూడబెట్టుకున్న ఇనుము ఆరు నెలల ప్రాంతానికి తరిగిపోతుంది, తల్లిపాలలో అది చాలా తక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తగ్గిన పిల్లలకు ఆకలి కూడా మందగిస్తుంది. అప్పుడు ఎంత బతిమాలినా తినరు. ఈ వారంలోనే పిల్లల డాక్టరు దగ్గర హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, ఇనుము చుక్కలు ఎంత వేయాలో అడగండి. మింగేటప్పుడు ప్రతిసారీ దగ్గు వస్తుందా, ఆసరా లేకుండా కూర్చోగలుగుతోందా, మెత్తటివి కూడా మింగలేకపోతోందా, ఇవన్నీ ఆయనకు దాచకుండా చెప్పండి. మీ అమ్మగారిని కూడా వెంట తీసుకువెళ్లండి. పాప బరువు సరిగానే ఉందన్న మాట ఆవిడ డాక్టరు నోట వినాలి.