పదిహేనేళ్ల తర్వాత ఈకల డబ్బా తెరిచారు, 2,400 డాలర్లు ఖర్చు పెట్టాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. ప్రస్తుతం పెన్సిల్వేనియాలోని మెకానిక్స్‌బర్గ్‌లో ఉంటున్నాం. నాకు 51 ఏళ్లు, సిటిజెన్‌షిప్ ఉంది. 2003లో ఆఫీసులో ఒక పెద్దాయన నేర్పితే ఫ్లై టయింగ్ మొదలుపెట్టాను. రెండోవాడు పుట్టాక, 2010లో ఆపేశాను. ఇప్పుడు మళ్లీ కూర్చోవాలని ఉంది. రోటరీ వైస్, కోడి ఈకలు, పనిముట్లు, కొత్త రాడ్ (గాలం కర్ర) కలిపి 2,400 డాలర్ల లిస్టు తయారైంది. కట్టిన ఫ్లైలు ఆన్‌లైన్‌లో అమ్మితే ఏడాదిలో ఆ డబ్బు తిరిగొస్తుందని నా లెక్క. పెద్దవాడు వచ్చే ఏడాది కాలేజీకి వెళ్తాడు కదా, ఆ డబ్బేదో 529లో (కాలేజీ చదువు కోసం పొదుపు చేసే ఖాతా) వేద్దామంటోంది మా ఆవిడ. అన్నట్టు, ఊళ్లో అమ్మ నా కోసం నెమలి ఈకలు దాచింది. ఏం చేయమంటారు?

జవాబు: తెలియనివారి కోసం ముందు ఒక మాట. ఫ్లై అంటే గాలం ముల్లుకి దారంతో ఈకలు, బొచ్చు చుట్టి చేప కంటికి పురుగులా కనిపించేలా కట్టే ఎర. ముల్లును కదలకుండా బిగించి పట్టుకునేది వైస్.

మీరు మళ్లీ మొదలుపెట్టాలి. అందులో నాకు అనుమానం లేదు. నా అభ్యంతరమల్లా ఆ లిస్టుతోనే. అది 2010లో ఆపేసిన మనిషి చేయి రాసిన లిస్టు కాదు, ఈమధ్య రాత్రిళ్లు వీడియోలు చూస్తున్న మనిషి రాసిన లిస్టు. నా అటక మీద కూడా ఒక తబలా జత ఉంది, కాబట్టి ఈ జబ్బు నాకు బాగానే తెలుసు.

ముందు బేస్‌మెంట్‌లో ఉన్న పాత డబ్బా తెరవండి. ఫ్లై తల దగ్గర ముడి ఊడకుండా పూసే జిగురును సిమెంటు అంటారు, పదిహేనేళ్లలో అది సీసాలోనే గడ్డకట్టి ఉంటుంది. దారం కొస పట్టుకుని లాగి చూడండి, పుటుక్కున తెగితే పారేయండి. ఈకల సంచి తెల్ల కాగితం మీద దులపండి. సన్నటి పొడి, పురుగుల పొట్టు రాలితే ఆ సంచిని మిగతావాటితో కలపనివ్వకండి. బాగున్నవాటిని జిప్ కవర్లో పెట్టి కొన్నాళ్లు ఫ్రీజర్‌లో ఉంచండి, కనపడని పురుగు కూడా చస్తుంది. (ఫ్రీజర్‌లో కోడి ఈకలేంటని ఇంట్లో అడుగుతారు. ముందే చెప్పి పెట్టడం మంచిది.) పందెం కోళ్ల రంగులు చూసి డేగా, కాకీ అని పేర్లు చెప్పే ఊరి నుంచి వచ్చినవారు మీరు, మంచి ఈకేదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక వైస్. ఫోన్‌లాగా అది పాతబడేది కాదు. ముల్లు జారకుండా దవడలు పడుతున్నంత కాలం మీ పాత వైస్ చాలు. రోటరీ వైస్‌లో ముల్లు గుండ్రంగా తిరుగుతుంది, పని కాస్త సుఖం. కానీ చేయి మళ్లీ దారిలో పడకముందే దానికి డబ్బు పెట్టడం దండగ. దారం ఒక ఉండ, సిమెంటు సీసా, ఒక ప్యాకెట్ ముళ్లు, తోకకి మారబూ అనే మెత్తటి ఈకలు కొనండి. 40 డాలర్లు దాటనివ్వకండి. వాటితో ఒకటే ఫ్లై, వూలీ బగ్గర్, యాభై కట్టండి. 1967లో రస్సెల్ బ్లెస్సింగ్ అనే ఆయన దానికి రూపం ఇచ్చాడు, ఆయనదీ మీ పెన్సిల్వేనియానే. పెద్ద ముల్లు, వెనక మెత్తటి తోక, ఒంటి నిండా చుట్టిన కోడి ఈక. వంకరగా కట్టినా చేప పడుతుంది.

లిస్టులో మీరు రాయనిది ఒకటుంది: కళ్లద్దాలు. 36 ఏళ్ల కంటితో ఆపారు, 51 ఏళ్ల కంటితో మొదలుపెడుతున్నారు. నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది. 8వ నంబరు ముల్లు కనపడుతుంది గానీ, 18వ నంబరు ముల్లు కన్నంలో దారం దూర్చేటప్పటికి అసలు సంగతి తెలుస్తుంది. రీడింగ్ గ్లాసెస్ ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా పక్కన పెట్టే ఖాతాలు) డబ్బుతో కొనుక్కోవచ్చు. ఎఫ్‌ఎస్‌ఏలో గడువు దాటి పోబోయే డాలర్లు ఉంటే ముందు ఆ పని చేయండి. టేబుల్ లైటు మాత్రం మీ జేబులోంచే.

అమ్మకం సంగతికొద్దాం. ఒక ఫ్లైకి మీకు 3 డాలర్లు వచ్చి, ముల్లు, ఈకల ఖర్చు అర డాలరు అనుకుందాం. మిగిలేది రెండున్నర. 2,400 డాలర్లు రావాలంటే 960 ఫ్లైలు అమ్మాలి. ఒక్కోదానికి పది నిమిషాలు పట్టినా 160 గంటలు. పోస్టేజీ, పన్నులు ఇంకా తీయలేదు. మీ పోటీ ఎవరితోనంటారా? షాపుల్లో కనిపించే ఫ్లైలలో చాలా భాగం కెన్యా, శ్రీలంక, థాయిలాండ్‌లో రోజంతా అదే పనిగా కట్టే చేతుల నుంచి వచ్చేవి.

పన్నుల దగ్గర చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఫ్లైలు తయారుచేసి అమ్మేవాళ్లు ఫెడరల్ ఎక్సైజ్ ట్యాక్స్ 10 శాతం కట్టాలి, మూడు నెలలకోసారి ఫారం 720 వేయాలి. 1950 నాటి చట్టం ప్రకారం ఆ డబ్బు చేపల సంరక్షణకే వెళ్తుంది, ఆ మేరకు సంతోషమే. ఇన్‌కమ్ ట్యాక్స్ వేరే. హాబీగా చూపిస్తే వచ్చిన ఆదాయం చెప్పాలి, ఖర్చులు తీసేసుకోవడానికి 2018 నుంచి వీల్లేదు. వ్యాపారంగా చూపిస్తే లాభం కోసమే చేస్తున్నట్టు రికార్డులు ఉండాలి, నికర లాభం 400 డాలర్లకు చేరితే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ కూడా పడుతుంది. ఎక్కే గుమ్మం దిగే గుమ్మం అయిపోయాక మీకు ఆ వైస్ ముందు కూర్చోబుద్ధి కాదు. ఈ జవాబు చదివే హెచ్1బీ వాళ్లు అసలు అమ్మకాల జోలికే పోవద్దు, అది అనుమతి లేని ఉద్యోగం కిందకొస్తుంది. స్నేహితులకు ఊరికే ఇవ్వండి.

మీ ఆవిడగారి మాటలో న్యాయం ఉంది. అయితే 529లో ఇప్పుడు వేసే డబ్బు పెరగడానికి టైమ్ లేదు. 529లో వేసినదానికి రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మినహాయింపు ఉంది గానీ, పెన్సిల్వేనియా పన్ను 3.07 శాతం కాబట్టి, 2,400 వేస్తే పన్నులో ఆదా అయ్యేది 74 డాలర్లు. కాలేజీ ఫీజుకి ఇది తేడా చేసేది కాదు. ఎమర్జెన్సీ ఫండ్ ఆరు నెలలకు సరిపడా ఉండి, క్రెడిట్ కార్డు మీద బాకీ లేకపోతే నా లెక్క ఇది: నెలకు 60 డాలర్లు మీకు, 60 డాలర్లు ఆవిడకు, విడి డెబిట్ కార్డుల్లో. ఎవరు దేనికి ఖర్చు పెట్టారని రెండోవారు అడగకూడదు. మిగతాది 529కే పంపండి, ఇంట్లో గొడవ తగ్గుతుంది. రాడ్ సంగతి లిస్టులోంచి కొట్టేయండి, పాతది విరగలేదు కదా. ఆరు నెలలు వారానికి రెండు రాత్రులైనా కూర్చుంటే, కార్డులో మిగిలినదానితో సెకండ్ హ్యాండ్ రోటరీ వైస్ చూడండి. చేపలు, ఏరుల సంరక్షణకు పనిచేసే ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ స్థానిక శాఖలు చాలాచోట్ల చలికాలంలో ఫ్లైలు కట్టే సాయంత్రాలు పెడతాయి. హాబీ మానేసినవాళ్ల వైస్‌లు ఎక్కడున్నాయో అక్కడి పెద్దవాళ్లకు తెలుస్తుంది.

నెమలి ఈకలు మాత్రం సూట్‌కేసులో పెట్టకండి. రాలిన ఈకలే అయినా ఇండియా నుంచి వాటి ఎగుమతి నిషేధం. దొరికితే జరిమానా, విమానాశ్రయంలో టెన్షన్. మీకు కావాల్సింది ఫ్లై ఒంటికి చుట్టే నాలుగు పీచులు, ఇక్కడి షాపులో చిన్న ప్యాకెట్ కొద్ది డాలర్లకే దొరుకుతుంది. అమ్మగారు దాచినవి పూజ గదిలోనే ఉండనివ్వండి.