విపరీతమైన లావుకి జన్యువులు కారణమా, అది ఒక సాకా?

"పెద్దవాళ్లలో బాగా లావుగా ఉన్నవాళ్లు జన్యువులను సాకుగా చెబుతారా? పరీక్ష చేయించుకుంటే నిజం తేలుతుందా?" అని మీరు అడిగారు. సాకు అన్న మాట చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

ఒకప్పుడు నా బరువు 131 కిలోలు, బీఎంఐ (ఎత్తును బట్టి వేసే బరువు లెక్క) 49. 40 దాటితేనే తీవ్ర ఊబకాయం అంటారు. నాకంటే రెండేళ్లు పెద్దయిన మా అన్నయ్య 68 కిలోలు. పెరిగింది ఒకే ఇంట్లో, తిన్నది ఒకే వంట. అన్నయ్య కాస్త తిని లేచిపోయేవాడు. లెమ్మని ఎవరూ చెప్పక్కర్లేదు, కడుపు నిండిన సంగతి తనకే తెలిసేది. నాకు ఆ కబురు అందేది కాదు. తిన్న అరగంటకే మళ్లీ ఆకలి. నోటి చాపల్యం కాదది, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుండే ఆకలి. అందరూ అన్నయ్య క్రమశిక్షణను మెచ్చుకునేవారు. లేని ఆకలిని అణచుకోవడానికి ఏం క్రమశిక్షణ కావాలి?

నాలుగేళ్ల కిందట ఒక డాక్టరు గారు, చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉన్నానని విని, జన్యు పరీక్ష రాశారు. ఫలితం రావడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ నేను దొరికిందల్లా చదివాను. 1997లో బ్రిటన్‌లో ఇద్దరు పిల్లలకు, వరసకు అక్కాతమ్ముళ్లే, ఒంట్లో లెప్టిన్ తయారు కావడం లేదని కనిపెట్టారు. 'కొవ్వు నిల్వ ఉంది, ఇక చాలు' అని మెదడుకి చెప్పే హార్మోన్ అది. వాళ్లలో పెద్ద పాపకు లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక ఆకలి అదుపులోకి వచ్చింది, బరువు తగ్గింది. మర్నాడు ఎంసీ4ఆర్ గురించి చదివాను, అది దెబ్బతింటే లావవుతారని 1998లో బయటపడింది. మెదడులో ఆ 'చాలు'ను అందుకునే చోట పనిచేసే జన్యువు అది. ఒకే జన్యువు దెబ్బతినడం వల్ల వచ్చే ఊబకాయాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. నాకూ ఇలాంటిదేదో ఒకటి ఉండాలని రోజూ కోరుకున్నాను. జబ్బు ఉండాలని కోరుకోవడం ఏమిటని అనిపించవచ్చు. ముప్ఫై ఏళ్లు తిండిపోతు అనిపించుకుంటే అర్థమవుతుంది.

ఫలితం చెప్పే రోజున డాక్టరు గారు నవ్వుతూ, "శుభవార్తమ్మా, ఏమీ దొరకలేదు" అన్నారు. నేను ఏడ్చేశాను. ఆయనకు ఎందుకో తెలియలేదు, నీళ్లు తాగమన్నారు. పక్కనున్న జెనెటిక్ కౌన్సెలర్ (జన్యు పరీక్షల ఫలితాలు వివరించి చెప్పేవారు) మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆ రిపోర్టు వెనకవైపు బొమ్మ గీశారు. ఒక పక్క పెద్ద బండ, ఇంకో పక్క చుక్కలు చుక్కలుగా ఇసుక. "ఇప్పుడు మేం వెతికింది బండ కోసం. మీరు మోస్తున్నది ఇసుక బస్తా కావచ్చు. రేణువులను ఈ పరీక్ష లెక్కపెట్టదండీ" అన్నారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

బండ అంటే ఒకే జన్యువులో పెద్ద లోపం, రేణువులంటే ఒక్కొక్కటీ కాస్త కాస్త బరువు పెంచే చిన్న చిన్న జన్యు తేడాలు. ఎఫ్‌టీఓ అనే జన్యువులోని అలాంటి తేడా 2007లో బయటపడింది. అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు వైపులా అది వచ్చినవాళ్లు, అసలు రానివాళ్ల కంటే సగటున 3 కిలోలు ఎక్కువ ఉంటారు. రేణువుల్లో పెద్దది అదే! 2019లో ఇలాంటివి 21 లక్షల తేడాలు కలిపి స్కోరు కట్టారు. నడివయసులో పై పదో వంతు మందికీ కింది పదో వంతు మందికీ మధ్య సగటున 13 కిలోల తేడా వచ్చింది. పై వరసలో ఉండి కూడా లావు కానివాళ్లు ఉన్నారు, ఆ సంగతి దాచను. ఇక అన్నయ్యకూ నాకూ ఇంత తేడా ఎందుకంటే, ఒకే పేకకట్ట పంచినా అందరి చేతికీ ఒకే ముక్కలు రావు.

నోరు కట్టుకోమని చెప్పేవాళ్లకు నేను 1990 నాటి కెనడా ప్రయోగం గురించి చెబుతాను. 12 జతల ఒకేలాంటి కవలలకు 84 రోజుల పాటు రోజుకు 1000 కేలరీలు అదనంగా పెట్టారు. ఒకరు 4.3 కిలోలే పెరిగితే ఇంకొకరు 13.3 కిలోలు పెరిగారు. ఒకే జతలోని కవలలు మాత్రం ఒకరికొకరు దగ్గర దగ్గరగానే పెరిగారు. అందరికీ ఒకే అదనం పెట్టినప్పుడు ఇందులో ఎవరి తప్పు పడతారు?

ఇప్పుడింతమంది లావవుతున్నారంటే మన జన్యువులు నలభై ఏళ్లలో మారిపోయాయా అని కూడా అడుగుతారు. మారలేదు, చుట్టూ తిండి మారింది. వాన అన్ని ఇళ్ల మీదా కురుస్తుంది, పల్లంలో ఉన్న ఇల్లే మునుగుతుంది.

నాకు ఒళ్లు మండేది ఇంకొకటుంది. మీ జన్యువులకు తగిన డైట్ అంటూ అమ్మే కిట్లు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 609 మందిని ఏడాది పాటు చూసి 2018లో చెప్పింది ఏమిటంటే, ఎవరికి కొవ్వు తగ్గించాలో, ఎవరికి పిండిపదార్థాలు తగ్గించాలో వాళ్లు పరీక్షించిన జన్యువులు చెప్పలేకపోయాయి. ఆశ అమ్ముకోవడం తప్ప ఆ కిట్లలో ఏమీ లేదు. ఆసుపత్రిలో బీపీ పట్టీ నా చేతికి చాలకపోయినా బిగించి చూసి, ఎక్కువ ఉందని కసిరేవాళ్లు వీళ్ల తర్వాతే. పట్టీ చిన్నదైతే అంకె ఎక్కువే చూపిస్తుంది. పెద్దది తెమ్మని గట్టిగా అడగండి.

నేను చివరికి బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నాను. జీర్ణాశయం చిన్నది కావడమే కాదు, ఆకలి హార్మోన్లు కూడా మారతాయి. మూడు నెలల తర్వాత ఒక రాత్రి అన్నయ్యతో పాటు కూర్చుని, తనతో పాటే లేచాను. "ఏమైంది, తినలేదేం?" అని కంగారుపడ్డాడు. ఆకలి లేదన్నయ్యా అన్నాను. ఆ మాట అంతకుముందు ఎప్పుడూ అని ఎరగను.

మీ రెండో ప్రశ్నకి వస్తే, ఐదేళ్లలోపే విపరీతంగా బరువు పెరిగి, ఎంత తిన్నా తీరని ఆకలి ఉంటే పరీక్ష గురించి డాక్టరును తప్పకుండా అడగండి. కొన్ని అరుదైన లోపాలకు సెట్‌మెలనోటైడ్ అనే మందు 2020లో అమెరికాలో అనుమతి పొందింది, కాబట్టి తెలుసుకుంటే ఉపయోగం ఉంది. పెద్దయ్యాక లావైనవాళ్లకు మాత్రం చాలావరకు నాకు వచ్చినట్టే 'ఏమీ లేదు' అని వస్తుంది. అలా వస్తే దాన్ని తిండిపోతు అని ఇచ్చిన సర్టిఫికెట్‌గా తీసుకోకండి, బండ దొరకలేదని మాత్రమే దాని అర్థం.