రాత్రిళ్లు మాత్రమే నెట్ పోతుంటే ముందే రౌటర్ కొనకండి

పగలంతా బాగుండి, సాయంత్రం ఏడు దాటాక ఫైబర్ నెట్ మాటిమాటికీ పోతోంది, రౌటర్ మార్చాలా అని అడిగారు. దయచేసి అప్పుడే మార్చకండి. నేను అలాగే తొందరపడి కొత్తది కొన్నాను. డబ్బులు పోయాయి, సమస్య మాత్రం అలాగే ఉండిపోయింది.

మాది కాకినాడ. రాత్రి ఎనిమిదికి నాకు ఆఫీసు కాల్స్ ఉంటాయి. రోజూ మాట మధ్యలోనే కట్టయ్యేది. ఆ టైమవుతుంటేనే టెన్షన్. కంప్లయింట్ ఇస్తే లైన్‌మ్యాన్ పగలు వచ్చి, మీటర్ పెట్టి చూసి, "సిగ్నల్ బాగుంది సార్" అని వెళ్లిపోయేవాడు. అతని తప్పేం లేదు, అప్పుడు నిజంగానే బాగుండేది.

ముందు లోపం ఇంట్లోనా, బయటా అన్నది తేల్చుకోండి. ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ విండోలు తెరిచి, ఒకదాంట్లో రౌటర్ అడ్రస్‌కి (చాలావాటికి 192.168.1.1, బాక్సు కింద స్టిక్కర్ మీద ఉంటుంది), రెండోదాంట్లో 8.8.8.8కి (బయట ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ సర్వర్) ఆగకుండా పింగ్ పెట్టండి, అంటే అవతలి నుంచి జవాబు వస్తోందా అని చూసే కమాండ్. నెట్ పోయినప్పుడు మొదటిది కూడా ఆగితే గొడవ మీ వైఫైలోనే. ల్యాన్ వైరు పెట్టి చూడండి, 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారండి. మొదటిది నడుస్తూ రెండోది మాత్రమే ఆగితే రౌటర్ దాటాక ఎక్కడో తేడా ఉన్నట్టు.

నాకు రెండోదే ఆగింది. బాక్సు మీద చూస్తే 'లాస్' (LOS) అనే ఎర్ర లైటు కొట్టుకుంటోంది. అంటే ఫైబర్‌లో వెలుతురు సరిగా అందడం లేదన్నమాట. బ్రౌజర్‌లో ఆ రౌటర్ అడ్రస్ కొట్టి, దాని పేజీ తెరిచి ఆప్టికల్ పవర్, అంటే ఫైబర్‌లో వచ్చే వెలుతురు బలం, చూశాను. పగలు మైనస్ 21 ఉండే అంకె రాత్రి మైనస్ 29కి పడిపోయింది. మామూలుగా మైనస్ 27 కంటే కిందికి పడితే లైను నిలవదు. ఆ అంకె మూడు తగ్గిన ప్రతిసారీ వెలుతురు సగమైపోతుంది.

వైరు వెంబడే వెతుక్కుంటూ వెళ్లాను. అది కిటికీ రెక్కకీ చట్రానికీ మధ్యలోంచి లోపలికి వస్తోంది. చీకటి పడగానే దోమలొస్తాయని మేం ఆ రెక్క బిగించేస్తాం! లోపల ఉన్నది సన్నటి గాజు పోగు, నలిగి వంగితే వెలుతురు బయటికి కారిపోతుంది. రెక్క తీసి పేజీ రిఫ్రెష్ చేశాను, మైనస్ 21. మళ్లీ మూశాను, మైనస్ 29. లైన్‌మ్యాన్‌కి అదే చూపించాను. గోడకు రంధ్రం వేసి కొత్త వైరు లాగాడు. ఆ తర్వాత ఒక్క కాల్ కూడా తెగలేదు.

ఒక్క జాగ్రత్త. ఫైబర్ వైరును బాక్సుకి తగిలించే ఆకుపచ్చ కనెక్టర్ మీరు పీకకండి, దుమ్ము పడితే కొత్త తలనొప్పి. వైరు కొసను కంటి దగ్గర పెట్టి అస్సలు చూడకండి, ఆ కాంతి కనబడదు కానీ కంటికి హాని చేయొచ్చు.

ఎర్ర లైటు లేకుండా, పవర్ అంకె కూడా కదలకుండా, ల్యాన్ మీద కూడా రాత్రే నెమ్మదిస్తుంటే మాత్రం కంపెనీ దగ్గరే రద్దీ అయ్యుండొచ్చు. టైములు రాసుకుని, స్క్రీన్‌షాట్లు తీసి, కంప్లయింట్‌కి డాకెట్ నంబర్ తీసుకోండి. తేల్చకపోతే ఆ నంబర్‌తోనే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి (ఫిర్యాదులు మళ్లీ విచారించే పై అధికారికి) వెళ్లొచ్చు.

ఈ రాత్రి పవర్ అంకె ఎంతుందో, రేపు మధ్యాహ్నం ఎంతుందో చెప్పండి, చూద్దాం.